జీఆర్86కు 245 టైర్లు వేయాలంటే రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్ ఎంత ఉండాలి?

ఎర్రబండి_ఫ్రిస్కో:

మిత్రులందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఉంటున్నాను. 2023 మోడల్ టొయోటా జీఆర్86 ప్రీమియం, ఆరు గేర్ల మాన్యువల్, కొత్తదే కొనుక్కుని నడుపుతున్నాను. సస్పెన్షన్, రిమ్ములు, టైర్లు అన్నీ కంపెనీ ఇచ్చినవే. రిమ్ములు 18 అంగుళాల వ్యాసం, 7.5 అంగుళాల వెడల్పు, ప్లస్ 48 ఆఫ్‌సెట్. వాటి మీద 215/40 ఆర్18 కొలత (215 మి.మీ. వెడల్పు, అందులో 40 శాతం పక్కగోడ ఎత్తు, 18 అంగుళాల రిమ్) గల మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లు ఉన్నాయి. రోజూ ఆఫీసుకు ఇదే కారులో వెళ్తాను. నెలకో, రెండు నెలలకో ఒక శనివారం క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌కు వెళ్లి, అక్కడి 1.7 మైళ్ల ట్రాక్ మీద నడుపుతాను.

ఇప్పుడు టైర్లు మార్చక తప్పదు. ముందు రెండు టైర్లకూ బయటి భుజం పూర్తిగా నున్నబడి, అంచున రబ్బరు ఈకలు ఈకలుగా లేచి వస్తోంది. అదే టైరును లోపలి వైపు నుంచి చూస్తే గాడులు ఇంకా బాగానే ఉన్నాయి. వెనక టైర్లు ఇంతగా చెడిపోలేదు. ఎలాగూ నాలుగూ మారుస్తున్నాను కనుక, ఈసారి 245 వెడల్పుకు వెళ్దామని ఆలోచన. ట్రాక్ మీద నాతో పాటు తిరిగే జీఆర్86లలో చాలావాటికి 245 గానీ 255 గానీ కనిపిస్తున్నాయి. మలుపులో వాళ్లు నాకంటే ముందే యాక్సిలరేటర్ తొక్కగలుగుతున్నారు.

నా సందేహాలు మూడు. మొదటిది, 17 అంగుళాల రిమ్‌కు దిగాలా, 18లోనే ఉండాలా? రెండవది, ఇక్కడికి దగ్గరలోనే ఒకాయన పాత రిమ్ములు అమ్ముతున్నారు. అవి 18 వ్యాసం, 9.5 వెడల్పు, ప్లస్ 22 ఆఫ్‌సెట్, ఐదు బోల్టుల 100 పీసీడీ (బోల్టు రంధ్రాల గుండా గీసిన వృత్తం వ్యాసం, మి.మీ.లలో), మధ్య రంధ్రం 73.1 మి.మీ. ధర కొత్తవాటిలో సగం కూడా లేదు. ఫెండర్ (చక్రం పైని రేకు) లోపలి మడత నొక్కిస్తే 245/40 ఆర్18 టైరుతో సరిపోతాయని ఆయన అంటున్నారు. బోల్టుల కొలత సరిపోయింది కనుక తీసుకోవచ్చా? మూడవది, ఇన్ని అంకెలు చూసి కారుకు ఏది పడుతుందో ఇంట్లో కూర్చునే లెక్క వేసుకునే పద్ధతి ఏదైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.


క్రెసన్_శనివారం:

నమస్కారం. మీ టైర్ల అరుగుదల గురించి మీరు రాసిన రెండు వాక్యాలు అన్నిటికంటే ముఖ్యమైనవి కనుక అక్కడే మొదలుపెడతాను. ముందు టైరు బయటి భుజం పోయి లోపలి సగం మిగిలిందంటే, మీకు ముందుగా చాలనిది క్యాంబర్, అంటే ఎదురుగా చూసినప్పుడు చక్రం నిటారు నుంచి ఎంత వాలి ఉందన్నది; పైభాగం లోపలికి వాలితే మైనస్. వెడల్పు సంగతి ఆ తరువాత. ఈ కారుకు ముందువైపు మాక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ ఒక్కటిగా ఉండే నిలువు స్తంభం, ఉంటుంది. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా బాడీతో పాటే బయటికి వాలుతుంది. స్ట్రట్ సస్పెన్షన్ ఆ వాలును సరిదిద్దేది చాలా తక్కువ. కంపెనీ ఇచ్చే క్యాంబర్ దాదాపు నిటారుగా ఉంటుంది కనుక, ట్రాక్ మీద టైరు తన బయటి అంచు మీదే బరువంతా మోస్తుంది. ఈ స్థితిలో 245 వేసినా ఆ అంచే అరుగుతుంది, కాకపోతే అరిగేది ఇంకా ఖరీదైన టైరు అవుతుంది. కాబట్టి టైర్ల డబ్బులో కొంత పక్కన పెట్టి, ముందు క్యాంబర్‌ను మైనస్ 2 డిగ్రీల దాకా తెచ్చుకునే ఏర్పాటు చేయండి. రోజువారీ వాడకానికి అది పెద్ద ఇబ్బంది కాదు. లోపలి అంచును త్వరగా తినేసేది చాలావరకు తప్పుగా పెట్టిన టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. అందువల్ల అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ముందు టోను సున్నాకు దగ్గరగా పెట్టమనండి.

ఇక మీ మూడవ ప్రశ్న. లెక్క చాలా సులభం, కాగితం పెన్సిలు చాలు. ఆఫ్‌సెట్ అంటే రిమ్ వెడల్పుకు సరిగ్గా మధ్యన గీసిన గీతకూ, రిమ్ హబ్‌కు (చక్రం బిగించే ఇరుసు తలకు) ఆనే ముఖానికీ మధ్య దూరం. ప్లస్ అంటే ఆ ముఖం మధ్యగీతకంటే వీధి వైపుకు ఉందని అర్థం. కాబట్టి రిమ్ వెడల్పులో సగం తీసుకుని, దానికి ఆఫ్‌సెట్ కలిపితే హబ్ నుంచి లోపలికి, అంటే స్ట్రట్ వైపుకు, రిమ్ ఎంత వెళ్తుందో వస్తుంది. అదే సగంలోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే బయటికి ఎంత వస్తుందో తెలుస్తుంది. మీ కంపెనీ రిమ్ 7.5 అంగుళాలు అంటే 190.5 మి.మీ., సగం 95.25. లోపలికి 143.25, బయటికి 47.25. ఇప్పుడు 9 అంగుళాల వెడల్పు, ప్లస్ 42 ఆఫ్‌సెట్ రిమ్ తీసుకుంటే సగం 114.3, లోపలికి 156.3, బయటికి 72.3. అంటే ఇప్పుడున్న స్థానం నుంచి లోపలికి 13 మి.మీ., బయటికి 25 మి.మీ. జరుగుతుందన్నమాట.

అయితే తగిలేది చాలాసార్లు రిమ్ కాదు, టైరు పక్కగోడ. టైరు మీద రాసిన 245 అన్నది ఒక నిర్ణీత వెడల్పు రిమ్ మీద కొలిచిన అంకె. రిమ్ వెడల్పు అర అంగుళం పెరిగినప్పుడల్లా టైరు కూడా సుమారు 5 మి.మీ. విచ్చుకుంటుంది. 245/40 ఆర్17 టైరును 8.5 అంగుళాల రిమ్ మీద కొలుస్తారు, అక్కడ అది దాదాపు 248 ఉంటుంది. 9 అంగుళాల రిమ్ మీద 253 అనుకోవాలి. ఆ లెక్కన పక్కగోడ మీ ఇప్పటి టైరుకంటే లోపలికి సుమారు 11 లేదా 12 మి.మీ., బయటికి 23 లేదా 24 మి.మీ. జరుగుతుంది. కంపెనీ టైరు ఫెండర్‌లోకి బాగా దిగి కూర్చుని ఉంటుంది కనుక ఈ జరుగుడుకు ఈ కారులో చోటు ఉంది. 17 వ్యాసం, 9 వెడల్పు, ప్లస్ 40 నుంచి 45 మధ్య ఆఫ్‌సెట్, 245/40 టైరు అన్న కూర్పును ఈ కారు నడిపేవాళ్లు ఇంతగా ఎంచుకోవడానికి కారణం అదే.

మీరు చూసిన పాత రిమ్ములకు ఇదే లెక్క వేద్దాం. 9.5 అంగుళాలలో సగం 120.65. ఆఫ్‌సెట్ 22 తీసేస్తే బయటికి 98.65. అంటే ఇప్పటికంటే 51 మి.మీ. బయటికి! రెండు అంగుళాలు. మడత నొక్కించినంత మాత్రాన ఆ చోటు దొరకదు. ఫెండర్‌నే బయటికి లాగించాలి, లేదా క్యాంబర్‌ను అతిగా పెట్టి టైరును వాల్చి దాచాలి. దాని పైన 245/40 ఆర్18 టైరు వ్యాసం కూడా పెద్దది. మీ 215/40 ఆర్18 వ్యాసం 629 మి.మీ. అయితే, అది 653 మి.మీ. దాదాపు 4 శాతం ఎక్కువ. స్పీడోమీటర్ 70 మైళ్లు చూపినప్పుడు మీరు ఇప్పటికంటే మరో రెండున్నర మైళ్లకు పైగా ఎక్కువ వేగంతో వెళ్తుంటారు, గేర్లు కూడా ఆ మేరకు పొడవై బండి బద్ధకిస్తుంది. దయచేసి ఆ రిమ్ముల జోలికి వెళ్లకండి. బోల్టులు సరిపోవడం అన్నది మొదటి మెట్టు మాత్రమే.

17 కావాలా, 18 కావాలా అన్నదానికి నా సలహా 17. 245/40 ఆర్17 వ్యాసం 628 మి.మీ., అంటే మీ ఇప్పటి టైరుకు దాదాపు సమానం. స్పీడోమీటరు, ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోలు దేనికీ తేడా రాదు. పక్కగోడ కొంచెం ఎత్తు పెరుగుతుంది కనుక గుంతలో పడినప్పుడు రిమ్ వంగే భయం తగ్గుతుంది. సాధారణంగా 17 అంగుళాల రిమ్, టైరు రెండూ 18వాటికంటే తేలికగా, చవకగా దొరుకుతాయి. ట్రాక్ మీద టైర్లు అరగదీసేవారికి ఇది చిన్న విషయం కాదు. 18లోనే ఉండాలనుకుంటే 255/35 ఆర్18 వ్యాసం 636 మి.మీ., అది కూడా సరైన కొలతే, కానీ 9 లేదా 9.5 అంగుళాల రిమ్ మీద క్యాంబర్ లేకుండా ముందువైపు ఇబ్బంది పెడుతుంది. మీది 2023 మోడల్ కాబట్టి 17 అంగుళాల రిమ్ములో బ్రేకులు పడతాయా అన్న సందేహం అక్కర్లేదు. 2024 నుంచి కొన్నింటికి వచ్చిన బ్రెంబో బ్రేకులు ఉన్నవారు మాత్రం ఏ రిమ్ పడుతుందో చూసుకుని కొనాలి.

క్యాంబర్ ఎలా తెస్తారన్నది కూడా ఈ లెక్కలో భాగమే, దీన్ని చాలామంది మరిచిపోతారు. స్ట్రట్‌కూ నకిల్‌కూ (హబ్‌ను పట్టి ఉంచే భాగానికీ) మధ్య ఉన్న పై బోల్టు మార్చి క్యాంబర్ తెస్తే, చక్రం స్ట్రట్ వైపుకే వాలుతుంది. టైరు పైభాగం స్ట్రట్‌కు దగ్గరవుతుంది. పైన క్యాంబర్ ప్లేట్ (స్ట్రట్ పైకొసను పక్కకు జరపనిచ్చే బిళ్ల) వేసి తెస్తే స్ట్రట్, చక్రం రెండూ కలిసి వాలుతాయి కనుక వాటి మధ్య చోటు మారదు, ఫెండర్ దగ్గర మాత్రం చోటు పెరుగుతుంది. ఈ కొలత చక్రానికి ఒక డిగ్రీ క్యాంబర్ అంటే టైరు పైఅంచు హబ్ మధ్యతో పోలిస్తే దాదాపు 5.5 మి.మీ. లోపలికి వెళ్లడం. వెడల్పు టైరు వేసేవారు ప్లేట్లనే ఎంచుకోవడం మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కొనేముందు ఒక పని చేయండి. కారును జాకీ మీద కాకుండా నేల మీదే ఉంచి, స్టీరింగ్‌ను ఒక వైపుకు పూర్తిగా తిప్పి, టైరు వెనక చెయ్యి పెట్టి స్ట్రట్ మీద ఉన్న స్ప్రింగ్ గిన్నెకూ టైరుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. పిల్లలు ఆడుకునే మట్టిముద్ద అక్కడ నొక్కి తీసి, దాని మందం కొలిస్తే సరైన అంకె వస్తుంది. అందులోంచి పైన చెప్పిన 11, 12 మి.మీ. తీసివేయండి. కనీసం 4, 5 మి.మీ. మిగలాలి.


పాత_ఎఫ్‌ఆర్ఎస్:

పైన చెప్పిన లెక్కలన్నీ సరైనవే, ఒక్క అంకెతో కూడా నాకు విభేదం లేదు. అయినా వెడల్పు పెంచాలా అన్న మొదటి ప్రశ్న దగ్గరే కాసేపు ఆగమని కోరుతున్నాను. నేను న్యూజెర్సీలో 2013 మోడల్ సయాన్ (టొయోటా వారి బ్రాండే) ఎఫ్‌ఆర్-ఎస్ నడుపుతున్నాను, అంటే మీ కారుకు ముందుతరం. ఆ కారు 215/45 ఆర్17 మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లతో వచ్చింది. అది నిజానికి సెడాన్‌లకు వేసే రకం టైరు. పట్టు తక్కువ ఉంటే మామూలు వేగాల్లోనే కారు కదలిక చోదకుడి చేతికి తెలుస్తుందన్న ఉద్దేశంతోనే టొయోటా అలా ఇచ్చింది. మీ కారు ఇంజను 228 హార్స్‌పవర్. టైరు పట్టు పెరిగిన కొద్దీ ఆ పవర్ చిన్నదిగా అనిపిస్తుంది, వెనక చక్రాలతో కారును తిప్పుకునే ఆనందం తగ్గుతుంది. దీన్ని కేవలం అభిరుచి అని కొట్టిపారేయకండి. నడపడం నేర్చుకుంటున్న దశలో మీ తప్పును టైరు దాచకుండా చూపించడం ఎంతో విలువైనది.

వెడల్పు టైరు వేస్తే నేలను తాకే వైశాల్యం అదే నిష్పత్తిలో పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. టైరు మోసే బరువును అందులోని గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేదే సుమారుగా ఆ వైశాల్యం. ముందు చక్రం ఒక్కొక్కటి 360 కిలోలు మోస్తోంది, 35 పీఎస్‌ఐ గాలి ఉంది అనుకుంటే, వైశాల్యం రమారమి 145 చదరపు సెంటీమీటర్లు. పెద్దవారి అరచేయంత. అది 215 అయినా 245 అయినా పెద్దగా మారదు. మారేది ఆకారం: సన్న టైరులో ఆ ముద్ర పొడవుగా, వెడల్పు టైరులో పొట్టిగా అడ్డంగా పరుచుకుంటుంది. పొట్టి ముద్ర వల్ల మలుపులో టైరు తక్కువ మెలికపడి స్పందిస్తుంది, వేడి ఎక్కువ రబ్బరు మీద పంచుకుంటుంది, అందువల్ల ఇరవై నిమిషాల సెషన్ చివరలో కూడా పట్టు నిలుస్తుంది. లాభం ఉంది, కాదనను. కానీ ఒక ల్యాప్‌లో మీకు తెలిసే తేడాలో పెద్ద భాగం రబ్బరు రకం మారడం వల్ల వచ్చేదే. ట్రాక్ మీద మీకంటే ముందు యాక్సిలరేటర్ తొక్కుతున్నవారి టైరు పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అంకె (తక్కువైన కొద్దీ రబ్బరు త్వరగా అరుగుతుంది, పట్టు ఎక్కువ) ఎంత రాసి ఉందో ఒకసారి చూడండి. అది 200 అయి ఉంటే, వారి పట్టుకు కారణం వెడల్పు ఒక్కటే కాదు.

కాబట్టి నా మాట: కంపెనీ రిమ్ములనే ఉంచి, వాటి మీద 225/40 ఆర్18 వేయండి. ఆ కొలతకు 7.5 అంగుళాల రిమ్ అనుమతించిన హద్దులోనే ఉంటుంది. వ్యాసం 637 మి.మీ., ఒక్క శాతమే ఎక్కువ. 245ను మాత్రం ఆ రిమ్ మీద ఎక్కించకండి. దానికి కనీసం 8 అంగుళాలు కావాలి. ఇరుకు రిమ్ మీద టైరు మధ్యలో ఉబ్బి, పక్కగోడలు లోపలికి నొక్కుకుని, మలుపులో కారు గడ్డిమోపు మీద కూర్చున్నట్టు ఊగుతుంది. ఆటోక్రాస్‌కు (కోన్ల మధ్య ఒక్కో కారు సమయం కొలిచే పోటీకి) వెళ్లే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. ఆ పోటీలు నడిపే ఎస్‌సీసీఏ సంస్థ స్ట్రీట్ వర్గంలో రిమ్ వెడల్పు కంపెనీదే ఉండాలన్న నియమం ఉంది. 9 అంగుళాల రిమ్ వేస్తే ఆ వర్గం నుంచి బయటికి వచ్చేస్తారు.

చివరిగా వాన. ట్రాక్‌కు సరిపోయే 200 ట్రెడ్‌వేర్ టైర్లలో గాడులు తక్కువ, లోతు తక్కువ. దానికి వెడల్పు కూడా తోడైతే నీటిని పక్కకు తోయడం మరింత కష్టమవుతుంది, తక్కువ వేగానికే టైరు నీటి మీద తేలుతుంది. డాలస్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎలాంటి వాన పడుతుందో మీకు తెలిసిందే. చలికాలంలో 7 డిగ్రీల సెల్సియస్ కిందకు పడిపోయిన ఉదయాల్లో కూడా ఈ రబ్బరు గట్టిపడి జారుతుంది. రోజూ ఆఫీసుకు ఇదే కారు అన్నారు కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.


మియాపూర్_పోలో:

నేను హైదరాబాద్‌లో ఉంటాను, నా కారు ఫోక్స్‌వాగన్ పోలో జీటీ. మీ కారుతో పోల్చదగినది కాదు, కానీ రెండింటికీ ఐదు బోల్టుల 100 పీసీడీయే. ఎర్రబండి గారు చూసిన పాత రిమ్ముల మధ్య రంధ్రం 73.1 అని చదవగానే, నాకు ఎదురైన అనుభవం రాయాలనిపించింది. పైన ఇద్దరూ దాని గురించి ప్రస్తావించలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక దుకాణంలో 16 అంగుళాల అల్లాయ్‌లు కొన్నాను. బోల్టుల వరుస సరిపోయింది, రిమ్ చక్కగా కూర్చున్నట్టే కనిపించింది. పోలో హబ్ వ్యాసం 57.1 మి.మీ.; ఆ రిమ్ రంధ్రం 73.1. మధ్యలో మిగిలిన ఖాళీని పూరించే హబ్ రింగులు వేయాలని దుకాణంలో ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 90 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. యంత్రం మీద ప్రతిసారీ సున్నాయే చూపింది, కారుకు బిగించగానే మళ్లీ వణుకే. చివరికి మా పేటలోని ఒక పెద్దమనిషి, టైర్ల పనిలోనే తల పండినవాడు, చక్రం విప్పి రంధ్రంలో వేలు పెట్టి తిప్పి చూపించాడు: ఒక వైపు వేలు దూరుతోంది, ఇంకో వైపు దూరడం లేదు. చక్రం హబ్ మధ్యలో కూర్చోలేదు, బోల్టులు ఎటు లాగితే అటు బిగిసింది.

అంతకంటే భయపెట్టింది ఇంకొకటి ఉంది. కంపెనీ బోల్టుల తల కింద భాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. నేను కొన్న రిమ్ముల్లో బోల్టు కూర్చునే చోటు గరాటులా ఏటవాలుగా ఉంది. గుండ్రటి తల ఆ ఏటవాలుకు ఒక సన్నని గీత మేర మాత్రమే ఆనుతుంది. విప్పి చూస్తే రిమ్‌లోని ఐదు రంధ్రాల చుట్టూ మెరిసే గీతలు పడి ఉన్నాయి, రెండు బోల్టులు చేత్తోనే తిరిగాయి. ఆ రోజు ఇంట్లో పిల్లలను ఎక్కించుకుని వరంగల్ దాకా వెళ్లి వచ్చాను. ఇప్పటికీ అది తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

జీఆర్86 హబ్ వ్యాసం 56.1 మి.మీ., మా పోలోకంటే ఒక మిల్లీమీటరు చిన్నది. అందువల్ల బోల్టుల వరుస ఒకటే అయినా మీ కంపెనీ రిమ్ మా హబ్ మీద ఎక్కదు, మా రిమ్ మీ హబ్ మీద వదులుగా కూర్చుంటుంది. కొనే రిమ్ మధ్య రంధ్రం 56.1 కంటే పెద్దదైతే, ఆ రంధ్రాన్ని (73.1 అయితే 73.1 నుంచి) 56.1కి తగ్గించే రింగులు నాలుగూ తప్పకుండా తీసుకోండి. ట్రాక్ మీద బ్రేకుల వేడికి ప్లాస్టిక్‌వి మెత్తబడతాయి కనుక అల్యూమినియంవి వేయండి. మీ కారుకు బోల్టుల బదులు నట్లు ఉంటాయి, మర 12 మి.మీ., 1.25 పిచ్. కొత్త రిమ్‌లో కూర్చునే చోటు ఏ ఆకారంలో ఉందో, నట్టు అంచు ఏ ఆకారంలో ఉందో రెండూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే బిగించండి.


ఎర్రబండి_ఫ్రిస్కో:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ జవాబులు చదివాక ఆ పాత రిమ్ముల ఆయనకు వద్దని చెప్పేశాను. పోలో గారు రాసింది చదివి మా ఆవిడ కూడా, ఏ రిమ్ కొన్నా ఫరవాలేదు గానీ ముందు ఆ రింగులు కొనమన్నారు.

శనివారం ఉదయం మట్టిముద్దతో కొలిచాను. స్ప్రింగ్ గిన్నె దగ్గర నా చిటికెన వేలు సులభంగా దూరి, ఇంకా పక్కన చోటు మిగులుతోంది. వెనక చక్రాల దగ్గర లోపలి వైపు చోటు చాలా ఉంది, బయటి వైపు ఫెండర్ మడతే హద్దు. పాత ఎఫ్‌ఆర్ఎస్ గారి మాట మీద రెండు రోజులు నిజంగా తర్జనభర్జన పడ్డాను. ఆయన చెప్పినట్టు ట్రాక్ మీద మిత్రుల టైర్లు చూస్తే, నాకంటే వేగంగా వెళ్లే నలుగురిలో ముగ్గురివి 200 ట్రెడ్‌వేర్‌వే. అందులో ఒకాయన కంపెనీ రిమ్ములతోనే 225 నడుపుతూ నన్ను సునాయాసంగా దాటిపోతున్నారు.

చివరికి ఇద్దరి సలహాలూ కలిపి ఒక నిర్ణయానికి వచ్చాను. ముందు క్యాంబర్ ప్లేట్లు వేయించి మైనస్ 2.2 డిగ్రీలు పెట్టించాను, టో సున్నా. ట్రాక్ కోసం 17 వ్యాసం, 9 వెడల్పు, ప్లస్ 42 ఆఫ్‌సెట్ రిమ్ములు, 245/40 ఆర్17లో 200 ట్రెడ్‌వేర్ టైర్లు, అల్యూమినియం రింగులతో తీసుకున్నాను. కంపెనీ 18 అంగుళాల రిమ్ములను రోజువారీకి ఉంచుకుని, వాటి మీద వానను తట్టుకునే మామూలు సమ్మర్ టైర్లే 215లో వేయించాను. ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది, కానీ ఆఫీసుకు వెళ్లే దారిలో ఖరీదైన రబ్బరు అరగదీయడం మానేస్తాను కనుక ఎక్కువ కాలం వస్తాయని లెక్క వేసుకున్నాను.

ముందుగా ఒక్క చక్రానికే టైరు ఎక్కించి బిగించి చూశాను. స్ట్రట్‌కూ టైరుకూ మధ్య పెన్సిలు పట్టి జరిపితే రెండు వైపులా తగలకుండా పోయింది. వెనకవైపు ట్రంకులో సిమెంటు బస్తాలు పెట్టి, ఇద్దరు మిత్రులను వెనక సీట్లో కూర్చోబెట్టి ఒరిగించి చూస్తే ఫెండర్ మడతకు తగలలేదు. రెండు సందేహాలు మిగిలాయి. ట్రాక్‌లో గాలి ఎంత పెట్టి మొదలుపెట్టాలి? ట్రాక్ రిమ్ములకు టైర్లలో గాలి తెలిపే సెన్సార్లు వేయించలేదు, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతోంది. దానివల్ల ఇబ్బంది ఉందా?


క్రెసన్_శనివారం:

చాలా మంచి పని చేశారు. ఒక్క చక్రంతో ముందు సరిచూసుకోవడం నూటికి తొంభైమంది చేయరు.

ఆ దీపం వల్ల ఏబీఎస్‌కు గానీ స్టెబిలిటీ కంట్రోలుకు గానీ ఏమీ కాదు, కాకపోతే గాలి దిగిపోతే చెప్పేవారుండరు. ట్రాక్‌కు వెళ్లే దారి పొడవునా ఇవే చక్రాల మీద నడపదలిస్తే సెన్సార్లు వేయించుకోవడమే మంచిది. అక్కడికి వెళ్లాక మార్చుకునేటట్టయితే చేతి గేజ్‌తో ప్రతి సెషన్‌కు ముందూ తరువాతా చూసుకోండి. గాలి సంగతి చల్లని టైరుతో నిర్ణయించలేం. ఉదయం 28 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, మొదటి సెషన్ నుంచి వచ్చీరాగానే, టైర్లు వేడిగా ఉండగానే కొలవండి. మీ టైరుకు 33 నుంచి 35 మధ్య సరిపోవచ్చు. టైరు భుజం మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి వెళ్తే, తిరిగి వచ్చేసరికి అది ఎంతదాకా చెరిగిందో చూసి తెలుసుకోవచ్చు: పక్కగోడ మీదికి కూడా చెరిగితే గాలి చాలలేదు, భుజం అంచుదాకా చెరగకపోతే ఎక్కువైంది. నాలుగు టైర్లకూ ఒకే అంకె ఉండాలని లేదు. క్రెసన్‌లో ట్రాక్‌ను ఏ దిశలో నడిపిస్తున్నారన్నదాన్ని బట్టి బయటి వైపు టైర్లు ఎక్కువ వేడెక్కుతాయి, వాటిలో ముందే కొంచెం తక్కువ పెట్టుకోండి.

నట్లను 89 పౌండ్-అడుగులు, అంటే 120 న్యూటన్ మీటర్లకు, చక్రం నేలకు ఆనీ ఆనకుండా ఉన్నప్పుడు నక్షత్రం ఆకారపు వరుసలో టార్క్ రెంచితో బిగించండి. కొత్త రిమ్ములు కనుక 50 మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి, ట్రాక్ రోజున ప్రతి సెషన్‌కు ముందు చక్రాలు చల్లారాక ఇంకొకసారి చూసుకోండి. వచ్చే నెల మొదటి శనివారం నేను కూడా అక్కడే ఉంటాను. మొదటి సెషన్ అయ్యాక నీలం రంగు కారు దగ్గరికి రండి, ముందు టైర్ల లోపలి పక్కగోడ ఎక్కడైనా రాసుకుని మెరుస్తోందేమో లైటు వేసి ఇద్దరం కలిసి చూద్దాం.